ఒకే ర్యాక్, మూడు తీర్పులు: రవాణా శాఖ పెద్దలకు బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ అధికారులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్లకు నమస్కారాలు.

నేను సౌర దీపాలు, సౌర పంపులు మరమ్మతు చేసి బతికేవాణ్ని. ఇల్లు రాజమహేంద్రవరంలో. పని మాత్రం ఎక్కువగా రంపచోడవరం దాటాకే దొరుకుతుంది. మారేడుమిల్లి పైన గుర్తేడు వైపు, డొంకరాయి వైపు కొండల మీద కొన్ని ఊళ్లలో ఒక బ్యాటరీ చచ్చిపోతే వీధి మొత్తం చీకటే. ఆ ఊళ్లకు చేరాలంటే తారు రోడ్డు మీద గంటల తరబడి వెళ్లాలి, ఆ తర్వాత ఎర్రమట్టి బాట, చివర ఒక వాగు. కారు పోదు. మామూలు బండి పోతుంది, వానాకాలంలో అయితే తిరిగి రావడమే కష్టం.

అందుకే తారు మీదా మట్టిలోనూ నడిచే రకం మోటారు సైకిల్ కొన్నాను. 2021లో వచ్చిన నాలుగు వాల్వుల ఎక్స్‌పల్స్ 200. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18, నేలకూ బండి పొట్టకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. మా వీధి పిల్లలు దీన్ని పొడుగుకాళ్ల బండి అంటారు. కొన్నప్పుడు అది బాగానే ఉంది. నా పనికి సరిపోయేలా మాత్రం లేదు. పనిముట్ల సంచి, తీగచుట్టలు, మల్టీమీటరు, ఒక్కోసారి పన్నెండు వోల్టుల బ్యాటరీ నా వెంట ఉండాలి. వీపున మోస్తే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. ట్యాంకు మీద కడితే హ్యాండిల్ పూర్తిగా తిరగదు. కాబట్టి ఇంటి వెనక రేకుల పందిరి కింద, ఆదివారాలు ఖర్చుపెట్టి, కావలసినవి ఒకటొకటిగా అమర్చుకున్నాను: రెండు పక్కలా సంచులకు ఇనుప ర్యాక్, ముందు రెండు చిన్న దీపాలు, చేతులకు అడ్డంగా లోహపు కడ్డీలు, సైడ్ స్టాండు పాదానికి వెడల్పాటి పలక, మట్టిలో పట్టు ఉండే టైర్లు.

గత ఏడాది ఈ ర్యాక్‌ను మూడు తనిఖీల్లో చూశారు. ఊళ్ల పేర్లు, అధికారుల పేర్లు రాయను. మొదటి చోట అధికారి దాన్ని అటూ ఇటూ ఊపి చూసి, గట్టిగానే ఉందన్నట్టు తల ఆడించి పంపేశారు. రెండో చోట అది "అక్రమ మార్పు" అయింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయలని చట్టంలో ఉందని చెప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ర్యాక్ ఒకటా, రెండు పక్కలా ఉంది కాబట్టి రెండా? దీపాలు రెండు. చేతి కడ్డీలు రెండు. వేళ్లు చాలలేదు. చివరికి అన్నీ కలిపి ఒకటిగా రసీదు రాసి ఇచ్చారు. ఆ దయకు ఇప్పటికీ కృతజ్ఞుణ్నే. మూడో చోట ఆపిన అధికారి కాగితాలు అడగనే లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎక్కడ చేయించారు? మా అబ్బాయి బండికి కూడా ఇలాంటిదే కావాలి" అన్నారు.

బండి అదే, ర్యాక్ అదే, బోల్టులూ అవే. నా ఫిర్యాదు ఆ ముగ్గురిలో ఎవరి మీదా కాదు. ముగ్గురూ తమకు అర్థమైనట్టు చట్టాన్ని చదివారు. ఎవరు చదివినా ఒకేలా అర్థమయ్యే కాగితం ఒకటి వాళ్ల చేతిలో లేదు. అది ఇమ్మని అడగడానికే ఈ లేఖ.

చట్టం నేను కూడా చదివాను, ఆ రసీదు తర్వాత. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది: ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. ఇంతవరకు చదివితే నా గుండె జారిన మాట నిజం. కానీ 52వ సెక్షన్ చివర ఒక వివరణ ఉంది. మార్పు అంటే బండి నిర్మాణంలో చేసే, దాని మౌలిక లక్షణాన్నే మార్చేసే మార్పు అని అందులో రాసి ఉంది. సంచి తగిలించే ర్యాక్ మోటారు సైకిల్ మౌలిక లక్షణాన్ని ఎలా మారుస్తుంది? నాలుగు బోల్టులు విప్పితే బండి షోరూం నుంచి వచ్చినట్టే నిలబడుతుంది. మరి ర్యాక్ మార్పా, సామానా? ఆ గీత ఎక్కడుందో రోడ్డు పక్కన ఎండలో నిలబడి తేల్చుకోవలసిన భారం తనిఖీ అధికారి మీదా, నా మీదా పడుతోంది.

అసలు ఆ గీత గీయడానికి మీకు అధికారం ఉంది. 2019 సవరణలోనే, మార్పులకు ప్రమాణాలు, ఆమోద షరతులు కేంద్రం నిర్దేశించవచ్చని, అలా చేసిన మార్పు వల్ల తయారీదారు ఇచ్చిన వారంటీ చెల్లకుండా పోదని ఉంది. సీఎన్‌జీకి మారే బండ్లకు దారి చూపించారు. దివ్యాంగుల అవసరానికి తగ్గట్టు మార్చుకునే బండ్లకూ చూపించారు. అంతెందుకు, 2020లో మోటారు సైకిల్ మీద వెనక కూర్చునేవారి చోటుకు అవతల తేలికపాటి పెట్టె పెట్టుకోవచ్చని, అది 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు మించకూడదని కొలతలతో సహా చెప్పారు. ఆ నిబంధన చూసి నేను నిజంగా మెచ్చుకున్నాను. టేపు పెట్టి కొలిస్తే వాదన అక్కడితో ముగుస్తుంది. వెనక పెట్టెకు కొలతలు ఇచ్చినవారు పక్క సంచులకు ఎందుకు ఇవ్వలేదన్నదే నా ప్రశ్న. మట్టిదారిలో నడిపేవాడికి బరువు వెనక ఎత్తులో ఉండటం కంటే పక్కల కిందికి ఉండటమే మేలు. పైన ఉన్న బరువు మలుపులో బండిని పడేస్తుంది.

బీమా సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తయారీదారు ధరలో కలవని విద్యుత్ పరికరాలు బండికి అమర్చుకుంటే వాటికి అదనపు ప్రీమియం కట్టించుకుని రక్షణ ఇచ్చే షరతు ఒకటి ఉంది, ఐఎంటీ-24 అంటారు. అంటే పాలసీ కాగితంలో నా దీపాలు అమర్చుకున్న పరికరాలు. రోడ్డు మీదకు వచ్చేసరికి అవే అక్రమ మార్పు.

ఇంట్లో చేసుకునే పనిని మీరు అనుమానంగా చూడటం తప్పని నేను అనను. నా మొదటి ర్యాక్ చూసి ఉంటే మీరే దాన్ని ఊడబీకించేవారు. గేట్లకు వాడే చదరపు గొట్టంతో, ఒక వెల్డింగు కొట్టులో దగ్గర కూర్చుని చేయించాను. ఇటు ఒక చట్రం, అటు ఒక చట్రం. ఏనుగు ఎక్కినా వంగదనిపించింది. మూడో ప్రయాణంలో కుడిపక్క అతుకు పక్కన వెంట్రుకంత గీత కనిపించింది, రంగు పగిలిందనుకున్నాను. ఐదో ప్రయాణంలో, వాగు దాటి గట్టు ఎక్కుతుంటే, చట్రం సంచితో సహా కిందికి వేలాడింది. సంచి పట్టీ వెనక చక్రం ఆకుల్లోకి దూరడానికి నాలుగు వేళ్ల ఎడం మిగిలింది. వాగులో కాబట్టి మెల్లగా ఉన్నాను. అదే ఘాట్ దిగేటప్పుడు అయితే ఈ లేఖ రాసేవాణ్ని కాను.

ఇంటికి వచ్చి విరిగిన ముక్క చూస్తే విషయం అర్థమైంది. గొట్టం మధ్యలో విరగలేదు, అతుకూ ఊడలేదు. అతుకు పక్కనే, వెల్డింగు వేడికి గుణం మారిన చోట, ఇనుము అలిసిపోయి తెగింది. రెండు చట్రాలూ విడివిడిగా ఉండటంతో గతుకు పడిన ప్రతిసారీ సంచి బయటికీ లోపలికీ ఊగింది. ఆ ఊపంతా ఆ ఒక్క చోటే భరించింది. మందం పెంచితే సరిపోతుందని వెల్డింగు ఆయన అన్నారు. అది కాదు చేయవలసింది. నంబరు పలక వెనక నుంచి ఒక అడ్డ కడ్డీ వేసి రెండు చట్రాలనూ ఒకదానితో ఒకటి కలిపాను. ఈసారి గుండ్రటి గొట్టం వాడాను, మొదటి దానికంటే సన్ననిది, బరువు తక్కువది. బండి చట్రానికి ఎక్కడా వెల్డింగు తగలనివ్వలేదు, కంపెనీ పెట్టిన రంధ్రాలకే బోల్టులు వేశాను. కొలత కోసం ర్యాక్‌ను బండి మీద పెట్టి వెల్డింగు చుక్కలు వేయించేటప్పుడు బ్యాటరీ తీగలు రెండూ విప్పించాను. ఇంజనుకు పెట్రోలు లెక్కగట్టి అందించే కంప్యూటర్ ఉన్న బండిలోకి వెల్డింగు కరెంటు పోతే ఏమవుతుందో చూడాలన్న ఉబలాటం నాకు లేదు. సైలెన్సర్ వైపు సంచి కాలకుండా ఒక రేకు బిగించాను. ప్రతి బోల్టు మీదా, నట్టు మీదా కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీశాను. బోల్టు కొంచెం వదులైనా గీత రెండు ముక్కలుగా కనిపిస్తుంది. పొద్దున్నే బండి చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, పానా తీయనక్కర్లేదు. ఈ ర్యాక్ రెండు వానాకాలాలు చూసింది.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మొదటి ర్యాక్‌కూ రెండో ర్యాక్‌కూ తేడా మీ ఇన్‌స్పెక్టర్ ఐదు నిమిషాల్లో చూడగలరు. అడ్డ కడ్డీ ఉందా, బోల్టులు వేటికి వేశారు, సంచి చక్రానికి ఎంత దూరం, వెనక దీపం, నంబరు పలక, సూచిక దీపాలు కనిపిస్తున్నాయా. చూడవలసిన సంగతులు ఇంతే. ఇవేవీ చూడకుండా మంచి ర్యాక్‌నూ చెడ్డ ర్యాక్‌నూ ఒకే గాట కడితే, మంచిది చేయించుకోవడానికి ఎవరికీ కారణం మిగలదు. ఎలాగూ జరిమానా తప్పనప్పుడు చవక గొట్టమే కొంటారు.

దీపాల దగ్గర మాత్రం నా చేతులు అంత శుభ్రంగా లేవు. మొదటిసారి హారను తీగకు జోడించి రెండు దీపాలు వెలిగించాను. ఒక్కోటి 20 వాట్లు, రెండూ కలిసి 40. పన్నెండు వోల్టుల మీద మూడు ఆంపియర్లకు పైనే. తీగ చూస్తే బొమ్మ కారుకు వాడేంత సన్నం. హ్యాండిల్ తిరిగేచోట మడతపడి, ఒక రాత్రి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. కరెంటు పని చేసేవాణ్ని అయి ఉండి ఆ తప్పు చేశానంటే సిగ్గుగానే ఉంది. ఊళ్లలో ఇంటి వైరింగు చూసి అందరినీ కోప్పడే మనిషిని! తర్వాత బ్యాటరీ నుంచి నేరుగా వేరే తీగ తెచ్చి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఐదు ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, ఆపే స్విచ్చి) ద్వారా దీపాలకు ఇచ్చాను. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, తీగ ఎక్కడా బిగుసుకోకుండా కొంచెం వదులు వదిలాను. అదే పనిగా క్లచ్ తీగ, బ్రేకు గొట్టం కూడా చూసుకున్నాను. హ్యాండిల్ ఎత్తు పెంచుకునేవాళ్లు చాలామంది చూడనిది అదే.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఒక రాత్రి మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగుతుంటే ఎదురుగా వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు దిగి నా దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "తమ్ముడూ, ఒక్కసారి నా సీట్లో కూర్చుని నీ బండి వైపు చూడు" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. అద్దం నిండా తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించలేదు. రోడ్డు లేదు, లోయ వైపు గోడ లేదు. ఆయన కింద నిలబడి ఏమీ అనకుండా బీడీ వెలిగించుకున్నాడు. నేను దిగి రెండు దీపాలూ ఆర్పేసి, మిగిలిన ఘాట్ అంతా కంపెనీ దీపంతోనే దిగాను.

మర్నాడు బండిని మా పక్కింటి ప్రహరీకి ఇరవై ఐదు అడుగుల దూరంలో, నా బరువు, సంచుల బరువు మీద ఉండగా, నిలబెట్టాం. అసలు హెడ్‌లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద సుద్దతో అడ్డగీత గీశాను. అదనపు దీపాలను హెడ్‌లైటు కంటే కిందికి దించి, వాటి వెలుగు ఆ గీత దాటి పైకి పోకుండా వంచి బిగించాను. వెలుగును అడ్డంగా పరిచే అద్దాలు వేశాను. ఊళ్లోకి వస్తే వాటి మీద నల్ల మూతలు ఉంటాయి. ఆ సుద్దగీత ఇప్పటికీ గోడ మీద ఉంది. పక్కింటి పిన్నిగారు దాన్ని చెరపనివ్వడం లేదు, మనవడి ఎత్తు కొలవడానికి వాడుతున్నారు.

ఇప్పుడు నిబంధన సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది, బండి ముందు భాగంలో స్పాట్‌లైటు పెట్టకూడదని, ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్టరు చేసే అధికారి ముందస్తు అనుమతితో పెట్టుకోవచ్చని చెబుతుంది. లారీ సీట్లో కూర్చున్నాక ఆ నిబంధన ఎందుకుందో నాకు బోధపడింది. దాన్ని తీసేయమని నేను అడగను. అందులో అనుమతి అన్న మాట ఉంది కదా, దాన్ని పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చున్న ఆయన ఓపికగానే విన్నారు. "ఏ ఫారం మీద అడుగుతున్నారు?" అన్నారు. మీరే చెప్పాలన్నాను. ఆయన బీరువా వైపు చూసి, పక్క బల్ల వైపు చూసి, "తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి" అన్నారు. రాసి ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు. కాబట్టి ఈ పేరాలో నేను తప్పు ఒప్పుకుంటున్నానో, అనుమతి కోసం ఎదురుచూస్తున్నానో నాకే తెలియదు. ప్రస్తుతానికి మూతలు తీయడం లేదు. పొగమంచు ఉన్న రాత్రి ఆ కొండల మీద పని ఒప్పుకోవడం కూడా మానేశాను. చీకటి పడితే వాళ్ల ఊళ్లోనే పడుకుని పొద్దున్నే దిగుతున్నాను.

చేతి కడ్డీల గురించి పెద్దగా చెప్పేది లేదు. బండి పడినప్పుడు క్లచ్ మీట విరగకుండా ఉంటుంది. అడవిలో మీట విరిగితే నడకే. సైడ్ స్టాండు పలక అరచేతి వెడల్పు ఇనుప ముక్క. గోదావరి ఇసుకలోనూ తడిమట్టిలోనూ బండి ఒరిగిపోకుండా చూస్తుంది. రసీదు రాసిన రోజున దీన్ని కూడా మార్పుల్లో లెక్కించారు. టైర్లు కంపెనీ చెప్పిన కొలతలోనే కొన్నాను, గళ్లు మాత్రం పెద్దవి. అలాంటి టైరు తడి తారు మీద కొంచెం జారుతుంది, కాబట్టి కొండ దిగాక వేగం తగ్గించడం నా బాధ్యత. కొలత మారనంతవరకు టైరు మీద మీకు అభ్యంతరం ఉండదనే అనుకుంటున్నాను. అదీ రాసి ఉంటే బాగుంటుంది.

నేను వకాల్తా తీసుకోనివి కూడా ఉన్నాయి. సైలెన్సర్ మార్చి వీధులు అదరగొట్టేవాళ్లు నా తోటివాళ్లని మీరు అనుకుంటే నాకు బాధగా ఉంటుంది. 175 సీసీ దాటిన మోటారు సైకిల్‌కు తయారీ దశలో 80 డెసిబెళ్ల పరిమితి ఉంది. దాన్ని దాటించడానికి డబ్బు పెట్టి గొట్టం కొనేవాడికి ఏ కొండ మీదా ఏ పనీ లేదు. పోలీసులు ఆ సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద నుజ్జు చేస్తున్న ఫోటోలు పత్రికల్లో చూసినప్పుడు నాకు ఏమాత్రం జాలి వేయదు. నంబరు పలకను సీటు కిందికి వంచేవాళ్లు, వెనక మడ్‌గార్డు కోసేవాళ్లు, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఫ్యూజు శాశ్వతంగా పీకేసేవాళ్లు కూడా అంతే. వాళ్లను పట్టుకోండి. ఇబ్బంది ఏమిటంటే, వాళ్లను పట్టుకోవడానికి విసిరిన వల కన్ను చిన్నది. సంచి ర్యాకులూ అందులోనే పడుతున్నాయి.

బండి ఎత్తు పెంచే పని గురించి నాకు రెండు మాటలు ఉన్నాయి, ఇందులో మీతో సగం ఏకీభవిస్తాను. ఇదే మోటారు సైకిల్‌కు తయారీదారు 2020లో ఒక రాలీ కిట్ (మట్టిదారి పోటీలకు బండి ఎత్తు పెంచే సామగ్రి) తెచ్చి, 2022లో ఆ హంగులతోనే రాలీ ఎడిషన్ షోరూములో అమ్మింది. మామూలు బండి సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, దానిది 885. అదే ఎత్తు నేను ఇంట్లో, బయట కొన్న స్ప్రింగులతో తెచ్చుకుంటే అది ఒప్పుకోకూడదు. వాళ్లది పరీక్షించి అమ్మిన బండి, నాది నా నమ్మకం మీద నడిచే బండి. సస్పెన్షన్ మారితే బ్రేకు వేసినప్పుడు బరువు ఎటు పడుతుందో మారుతుంది, అది నా పందిరి కింద తేలే లెక్క కాదు. పైగా ఐదున్నర అడుగుల మనిషిని నేను. సంచులు నింపిన బండి మీద కాలు నేలకు అందకపోతే ఘాట్ మలుపులో ఆగిన ప్రతిసారీ బండితో కలిసి పడుకోవాల్సిందే. యూట్యూబు చూసి ఎత్తు పెంచుకున్న ఇద్దరు కుర్రాళ్ల బండ్లకు పాత స్ప్రింగులు తిరిగి బిగించింది నేనే. కాబట్టి ఇంజను, చట్రం, సస్పెన్షన్, బ్రేకులు, సైలెన్సర్ ఈ ఐదింటినీ ఇంట్లో తాకరాదని మీరు రాస్తే మొదటి సంతకం నాది.

మిగిలినవాటికి ఒక్క పేజీ సర్క్యులర్ ఇవ్వండి, తెలుగులో. విప్పితే బండి యథాస్థితికి వచ్చే ర్యాకులు, సంచులు, చేతి కడ్డీలు, స్టాండు పలక, ఇంజను కింది రేకు, అదే కొలతలో టైర్లు 52వ సెక్షన్ చెప్పే మార్పు కిందకు రావని కమిషనర్లు స్పష్టం చేయవచ్చు. వెనక పెట్టెకు ఇచ్చినట్టే పక్క సంచులకు వెడల్పు, బరువు పరిమితి కేంద్రం ఇవ్వవచ్చు. హ్యాండిల్ వెడల్పు దాటకూడదంటారా, అలాగే. నా సంచులు ఇప్పటికే ఆ లోపలే ఉన్నాయి. దీపాలకు 111వ నిబంధనలో ఉన్న అనుమతికి ఒక ఫారం, ఒక రుసుము, ఇన్‌స్పెక్టర్ గోడ ముందు నిలబెట్టి చూసే ఒక పరీక్ష పెట్టవచ్చు. నెగ్గితే రిజిస్ట్రేషన్ వివరాల్లో ఒక వరుస చేర్చండి, నెగ్గకపోతే అక్కడే విప్పించండి. పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మా పక్కింటి గోడ, ఒక సుద్దముక్క, ఒక టేపు సరిపోయాయి.

ఇందువల్ల లాభం నా ఒక్కడికే కాదు. మన్యంలో కరెంటు తీగలు బాగుచేసేవాళ్లు, సెల్ టవర్ల మనుషులు, టీకాల పెట్టెలు మోసే ఆరోగ్య సిబ్బంది, పశువుల మందులు తీసుకెళ్లేవాళ్లు అందరూ బండికి ఏదో ఒకటి కట్టుకునే తిరుగుతున్నారు. చాలామంది కట్టేది సైకిల్ ట్యూబుతో. ప్రభుత్వమే 2018లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో మోటారు సైకిళ్లకు రోగి పడుకునే ఏర్పాటు చేసి కొండల మీదకు పంపింది. డోలీలో మోసుకొచ్చే చోట రెండు చక్రాల బండిని అలా తయారుచేయడం తప్పనిసరి అని అప్పుడు ప్రభుత్వానికి అనిపించింది. నల్లమలలోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ తిరిగేవాళ్ల అవసరం కూడా అలాంటిదే. అందుకే ఈ లేఖ రెండు రాష్ట్రాల కమిషనర్లకూ రాశాను.

సర్క్యులర్ రాసేముందు మచ్చుకు ఒక బండిని చూడాలనుకుంటే నాది తీసుకొస్తాను. విరిగిన పాత ర్యాక్ ముక్క కూడా దాచి ఉంచాను, దాన్నీ తెస్తాను. అతుకు పక్కన తెగిన చోటు చూస్తే ఏది ఒప్పుకోకూడదో రాయడానికి మీకు వీలుగా ఉంటుంది. సోమవారాలు తప్ప ఏ రోజైనా ఫర్వాలేదు. సోమవారం గుర్తేడు వైపు పని ఉంటుంది.

ఇట్లు,
ఒక సౌర పరికరాల మరమ్మతు పనివాడు,
రాజమహేంద్రవరం